శారద మొండితనం

మా అమ్మ గోదావరి పేరెత్తదు. భద్రాచలం అనవలసి వస్తే "ఆ ఊరు" అంటుంది. ఖమ్మం ఖానాపురం హవేలిలో మేముండే వీధిలో ముక్కోటికీ, శ్రీరామనవమికీ సగం ఇళ్లకు తాళాలు పడతాయి. వెళ్లొచ్చినవాళ్లు మర్యాదగా ప్రసాదం తెచ్చి అమ్మ చేతిలో పెడతారు. అమ్మ కళ్లకద్దుకుంటుంది. వాళ్లు గేటు దాటేదాకా చేతిలోనే ఉంచుకుని, తర్వాత నాకిచ్చి "ఎవరికన్న పెట్టు" అంటుంది. దేవుడి మీద కోపమా అంటే అదీ కాదు, ఇంట్లో రాముడి పటానికి పువ్వు పెట్టకుండా కాఫీ ముట్టదు. ఆమెకు పడనిది ఆ నీళ్లు. చాలా ఏళ్ల కింద నేను పట్టుబట్టి "ఈసారైనా పోదాం పదమ్మా" అంటే, "నా బిడ్డను నేను ముంచి చంపుకున్న కాడికి నేను రాను" అన్నది, బియ్యంలో రాళ్లేరుకుంటూ, ఏమీ కానట్టు. ఆ మాట తర్వాత కూడా చాలాసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. ఎవరి మీద మండాలో తెలియక ఆమెనే కసురుతాను. నాది మొదటినుంచీ ముక్కు మీద కోపం. కరెంటాఫీసులో ఉద్యోగం చేసినన్నాళ్లూ, కథలు రాసుకుంటున్న ఈ రోజుల్లోనూ, దాన్ని దాచుకోవడం నాకు చేతకాలేదు.

అమ్మ చెప్పే ఆ బిడ్డ నా చెల్లెలు శారద. ఆమె గురించి ఇన్నేళ్లలో నేనొక్క ముక్క రాయలేదు. రాయడానికి ఏముంది, నడవని పిల్ల, మాట్లాడని పిల్ల, ఆరేళ్లు ఇంట్లో ఉండి పోయింది అనుకునేదాన్ని. ఇప్పుడు రాస్తున్నానంటే దానికి కారణం మా సునీత. సునీత మా తమ్ముడి కోడలు, సత్తుపల్లి పిల్ల. భర్తది అశ్వారావుపేటలో పామాయిల్ మిల్లులో ఉద్యోగం. వాళ్ల పాప హాసిని పుట్టగానే ఏడవలేదు. మెదడుకు గాలి ఆడలేదన్నారు. నాలుగేళ్లొచ్చినా తనంతట తాను కూర్చోలేదు. పోయిన చలికాలం సునీత నాకు ఫోన్ చేసింది. "అత్తయ్యా, రేపు పాపను ఫిజియోథెరపీ సెంటరుకు తీసుకెళ్లాలి. ఆయనకి షిఫ్టు మారలేదు. ఆటోలో పాపనీ, సంచినీ ఒక్కదాన్నే పట్టుకోలేకపోతున్నాను. మీరొక్కసారి వస్తారా?" అన్నది. అడగడం అలవాటు లేని పిల్ల, గొంతులో నీరసం తెలుస్తూనే ఉంది. నాకు ఒకరికి సాయం చేయడం పెద్దగా రాదు, చేసేటప్పుడు నోరు మూసుకోవడం అసలే రాదు. అయినా సరేనన్నాను. బయల్దేరుతుంటే అమ్మ గడప దాకా వచ్చి, "పిల్ల ఏమన్న తింటుందో లేదో చూసిరా" అన్నది.

సత్తుపల్లి దాటాక బస్సు కిటికీలోంచి రెండు పక్కలా పామాయిల్ తోటలే. మేం పుట్టి పెరిగిన ఊరు ఆ దారిలోనే. మా చిన్నప్పుడు అక్కడ జీడిమామిడి, కంది, జొన్న, వాటి వెనక అడవి ఉండేవి. వేసవి మొదట్లో తెల్లవారేసరికి ఇప్పపువ్వు వాసన మా పెరటిదాకా వచ్చేది, నాయనమ్మకు అది గిట్టక తలుపులు వేయించేది. మా నాన్నవాళ్లు కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాళ్లు. అక్కడ కొంచెం అమ్ముకుని ఇక్కడ ఎక్కువ కొనుక్కున్నారు. అంతకుముందు అది ఎవరి భూమో, అంత చవగ్గా ఎలా వచ్చిందో మా ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు. అమ్మది మాత్రం నేలకొండపల్లి. ఆమె మాట తీరు మా నాయనమ్మకు రోజూ వేళాకోళమే. "మీ అమ్మకి 'ఏంది' అనకుండా పూట గడవదు కదే" అనేది నాతో, అమ్మ వింటూండగానే. అమ్మ నవ్వేసి ఊరుకునేది. అప్పటికి ఆమె నిండా పాతికేళ్లు లేని పిల్ల. ఇంట్లో పెత్తనమంతా నాయనమ్మదే. పాలు తోడు పెట్టడం దగ్గర్నుంచి పిల్లల కడుపు దాకా.

ఆ ఊళ్లో మా నాయనమ్మ పేరు మోసింది ఉగ్గు పెట్టడంలో. ఎవరింట్లో కాన్పయినా ఆమెకు పిలుపు వచ్చేది. బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి, వాము కలిపి, ఇసుర్రాయి మీద తనే విసురుకునేది. ఆ పిండి ఉడికేటప్పుడు నెయ్యి, వాము కలిసిన వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు మా వంటింటి మసిగోడ కళ్లముందుకొస్తుంది. ఉగ్గు చల్లారాక ఆమె పీట మీద కూర్చుని, రెండు కాళ్లూ బారచాపి, పిల్లను ఆ కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టుకునేది. ముక్కున్న వెండి ఉగ్గుగిన్నె వంచి సన్నటి ధారగా నోట్లో పోసేది. పిల్లలు గుటక్ గుటక్‌మని మింగి అక్కడే నిద్రపోయేవాళ్లు. నేనూ ఆ కాళ్ల మీదే పెరిగాను. శారద కూడా పెరిగింది. తేడా ఏమిటంటే శారద ఆ కాళ్లు దిగలేదు. ఆరేళ్లొచ్చినా దానికి అక్కడే స్నానం, అక్కడే ఉగ్గు. పాదాలు నాయనమ్మ పొట్టకు తన్నుకునేంత పొడుగైంది. ఎవరైనా చూసి నొచ్చుకుంటే నాయనమ్మ ఊరుకునేది కాదు. "పళ్లొస్తే పెద్దదయిపోతుందా? ఇది నా పసిగుడ్డు" అనేది. ఆ ప్రేమలో అబద్ధం లేదు. అది నేను ఎక్కడైనా చెప్తాను.

శారద కాళ్లు కత్తెర వేసినట్టు ఒకదాని మీద ఒకటి పడి బిగుసుకునేవి. పిడికిళ్లు ఎప్పుడోగానీ విప్పేది కాదు. మాట లేదు గానీ నవ్వుండేది, కాకి అరిస్తే పడీపడీ నవ్వేది. అందుకని ఉగ్గు వేళకు నా పని పక్కన కూర్చుని కాకిలా అరవడం. అమ్మ పని చేతులు పట్టడం. ఎందుకంటే గిన్నె ముక్కు పెదవికి తగలగానే శారద మెడ ఎత్తేది. గొంతు నరాలు తేలేలా ఎత్తేది. ఒక పక్కకు ఒరిగి మోచేయి ఆనించబోయేది, నాయనమ్మ చీర గుప్పిట పట్టి లాగేది. "చూడు దీని మొండితనం! నాలుగు మెతుకులు లోపలికి పోవాలంటే యుద్ధమే. పట్టుకోవే దాని చేతులు" అనేది నాయనమ్మ. అమ్మ వంగి శారద రెండు మణికట్లూ కలిపి తన అరచేతుల్లో పెట్టుకునేది, పిచ్చుకను పట్టుకున్నంత మెత్తగా. నాయనమ్మ ధార వదిలేది. కాసేపటికి పొలమారేది. కళ్లు ఎర్రబడేవి, మొహం కందిపోయేది, ముక్కులోంచి ఉగ్గు వచ్చేది. నాయనమ్మ దాని నడినెత్తిన మెల్లగా తడుతూ, "ఎవరే నిన్ను తలుచుకునేది? మీ నాన్నేనా? పొలంలో పని మానేసి నీ ధ్యాసేనా ఆయనకి?" అనేది. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని కదా మన ఇళ్లలో. శారదను రోజుకు ఇంతమంది తలుచుకుంటున్నారా అని నాకు కొంచెం అసూయగా ఉండేది. ఇంట్లో అందరం దాన్ని ముద్దుగా మొండిపిల్ల అనేవాళ్లం. కొన్నాళ్లకు శారద అనే పేరు పిలవడమే తగ్గిపోయింది.

చలికాలం వస్తే దానికి దగ్గు పట్టుకునేది. పడుకోబెడితే ఛాతీలో పిల్లికూతలు. తమలపాకుకు ఆముదం రాసి, వెచ్చచేసి రొమ్ము మీద వేసేవాళ్లు. సాంబ్రాణి పొగ పెట్టేవాళ్లు. సైకిలు మీద వచ్చే కాంపౌండరు సూది వేసి, గంజి బాగా తాగించమని చెప్పి పోయేవాడు. బాగా తాగించేవాళ్లం, అదే కాళ్ల మీద, అదే గిన్నెతో. నాన్న ఒకసారి దాన్ని ఎత్తుకుని ఖమ్మం వెళ్లి ఒక పెద్ద డాక్టరుకు చూపించాడు. ఆయన కాళ్లు వంచి చూసి, "ఇది ఇంతే. బలానికి టానిక్కు పోయండి. ఇంకో బిడ్డను కనండి" అన్నాడట. నాన్న ఆ మాట ఇంట్లో ఒక్కసారే చెప్పాడు. ఇలాంటి పిల్లలను చూసుకునే చోటు ఏదో దూరంగా పెద్ద పట్నంలో ఉందని ఎవరో చెప్పుకొచ్చారు. "ఏం, మన కాళ్లు విరిగాయా పిల్లను పరాయివాళ్ల మీద పడేయడానికి?" అని నాయనమ్మ లేచింది. నాన్న మళ్లీ ఆ ఊసెత్తలేదు. దీన్ని ఎలా కూర్చోబెట్టాలి, ఏం పెట్టాలి, ఎందుకు దగ్గుతుంది అని అడగడానికి ఆ చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు. అడగాలన్న సంగతి కూడా మాకు తెలియదు.

ఒక్క సంగతి మాత్రం అందరికీ వింతగా ఉండేది. నాన్న అడవి అంచుకు కట్టెల కోసమో, అశ్వారావుపేట సంతకో బండి కడితే శారదను వెంట తీసుకెళ్లేవాడు. బండి కుదుపులకు పడిపోకుండా రెండు పక్కలా కంది బస్తాలు, వెనక గడ్డిమోపు పెట్టి వాటి మధ్య ఇరికించి కూర్చోబెట్టేవాడు. దారిలో అరటిపండు గుజ్జు వేలితో నోట్లో పెట్టేవాడు, వేసవిలో అయితే లేత తాటిముంజ చిదిపి పెట్టేవాడు. శారద చప్పరించి తినేది. దగ్గేది కాదు. మెడ ఎత్తి పెనుగులాడేది కాదు. పోతున్న చెట్లను చూస్తూ, నోరు తెరిచి ఇంకా అడిగేది. నేను ఆ బండిలో ఎన్నిసార్లు కూర్చున్నానో, నా కళ్లతో చూశాను. ఇంటికొచ్చి నాన్న చెప్తే నాయనమ్మ మురిసిపోయేది. "అడవి గాలి పడింది దానికి" అనేది. అప్పట్నుంచి ఉగ్గు పెట్టేముందు వంటింటి వెనక తలుపు తెరిపించేది, తనకు గిట్టని ఇప్పపువ్వు వాసన వచ్చినా సరే. గాలి వచ్చేది. శారద మాత్రం ఎప్పట్లాగే పొలమారేది.

ఆ ఏడు ముక్కోటికి అమ్మ మొక్కుకుంది. గోదావరిలో బిడ్డతో మునిగి, రాముడి దర్శనం చేసుకుంటే బిడ్డకు మాట వస్తుందని ఎవరో చెప్పారు. నాయనమ్మకు ఇష్టం లేదు. "ఈ చలిలో పిల్లను నీళ్లలో పెడతావా?" అన్నది. అమ్మ ఆ ఇంట్లో తన మాట నెగ్గించుకున్నది ఆ ఒక్కసారే. అప్పటికే శారదకు వారంగా దగ్గు ఉంది. తెల్లవారుజామున ఇసుకలో నడిచి నీళ్ల దగ్గరకు వెళ్లాం. పొగమంచులో అవతలి ఒడ్డు కనిపించలేదు. అమ్మ శారదను ఎత్తుకుని నడుంలోతు దిగి మునిగింది. పైకి లేచాక శారద గట్టిగా ఊపిరి పీల్చి, ఏమనుకుందో, నవ్వింది. అమ్మ దాన్ని తన పొడి చీరలో చుట్టింది. ఇంటికి వచ్చిన మర్నాటికి జ్వరం. రొప్పుతూ, పక్కటెముకలు లోపలికి పోతుండగా పడి ఉంది. నిమ్ము అన్నాడు కాంపౌండరు. నీరసం వస్తుందని నాయనమ్మ కళ్లు తుడుచుకుంటూ ఉగ్గు పోస్తూనే ఉంది. ఆ రోజు శారద మెడ ఎత్తలేదు, చీర లాగలేదు. "మాట వింటోందే ఇవాళ" అన్నది నాయనమ్మ. మధ్యాహ్నం ఎండ వసారాలోకి వచ్చే వేళకు పోయింది. ఏడుపులు కొంచెం సద్దుమణిగాక నాయనమ్మ అమ్మ వైపు తిరిగి, "నీ మొక్కే దాన్ని మింగింది" అన్నది. ఆ ఒక్క మాటా ఆమె చనిపోయేదాకా వెనక్కి తీసుకోలేదు. ఏడాది తిరిగేలోపు తమ్ముడు పుట్టాడు. అమ్మ వాణ్ని గోదావరి ఛాయలకు తీసుకెళ్లలేదు.

ఇవన్నీ నేను బస్సులో తలుచుకోలేదు. బస్సులో నేను కండక్టరుతో చిల్లర కోసం పోట్లాడుతూ వెళ్లాను. ఇవన్నీ గుర్తొచ్చింది సెంటరులో. ఒక స్కూలు ఆవరణలో చివరి గది అది. నేల మీద చాపలు, ఒక పెద్ద రబ్బరు బంతి, గోడకు అద్దం, పిల్లలను బెల్టులతో నిలబెట్టే చెక్క చట్రం, చిన్న చిన్న కుర్చీలు. వారానికోసారి ఒక ఫిజియోథెరపిస్టు వస్తుంది. పేరు స్వప్న, కొత్తగూడెం అమ్మాయి. మిగతా రోజులు వేరే మండలాలు తిరుగుతుంది. తల్లులు పొద్దున్నే వచ్చి చెప్పులు బయట విడిచి వరసగా కూర్చుని ఉన్నారు. "పోయిన నెలంతా ఎవరూ రాలేదత్తయ్యా. ఆమె కాంట్రాక్టు సంగతి తేలలేదంట. తాళం చూసి అందరం వెనక్కెళ్లాం" అన్నది సునీత. ఆ నెలలో హాసిని కాలు మళ్లీ బిగుసుకుపోయిందని చెప్పింది. నాకు ఎవరినో ఒకరిని పట్టుకుని దులిపేయాలనిపించింది. అక్కడ దులిపేయడానికి తల్లులూ పిల్లలూ తప్ప ఎవరూ లేరు.

హాసినిని సునీత ఒక కుర్చీలో పెట్టింది. గది మూలలా రెండు పలకలు కలిసే కుర్చీ అది, పిల్ల రెండు పక్కలా ఒరగకుండా ఆపుతుంది, వెనక వీపుకు ఆసరా. ముందు చిన్న బల్ల. సునీత చెంచాతో పప్పన్నం కొంచెం కొంచెం పెడుతోంది, పిల్ల గడ్డం కొంచెం కిందికి వంచి. హాసిని నెమ్మదిగా మింగుతోంది. నేను ఆ కుర్చీ వైపు చూస్తున్నాను. ఎక్కడ చూశానా ఇది అనుకుంటున్నాను, అంతకుముందు అలాంటి కుర్చీ చూసే వీలే లేకపోయినా. అప్పుడే గోడ పక్కన కూర్చున్న ఒకామె తన సంచిలోంచి జావ సీసా తీసింది. అడవి లోపలి కోయ పల్లె నుంచి వచ్చిందామె, పేరు లక్ష్మి. రోడ్డు దాకా నడిచి, అక్కడ ఆటో ఎక్కి వచ్చిందట, సెంటరుకు రావడం ఆమెకు అదే మొదలు. ఆమె కాళ్లు బారచాపింది. కొడుకును ఆ కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టింది. జావ గ్లాసులో పోసుకుని వంచింది. పిల్లవాడు మెడ ఎత్తాడు.

"అక్కా ఆగు, పండబెట్టి పొయ్యకు" అంటూ స్వప్న వచ్చింది.

"పుట్టినకాన్నుంచి గిట్లనే పోస్తున్న మేడం. కూసోబెడితే వాలిపోతడు" అన్నది లక్ష్మి.

"వాలకుండ మనం ఆపాలె. పండుకోని ఉన్నప్పుడు పోస్తే జావ కడుపులకు పోదక్కా, ఊపిరితిత్తులల్లకు పోతది. వీనికి దగ్గు ఊకె వస్తుందా?"

"చలికాలం మొత్తం దగ్గే."

"గందుకే. అదే లోపల పేరుకపోయి నిమ్ము చేస్తది. ఇసొంటి పిల్లలు సగం మంది గట్లనే పోతరు. వాడు మెడ ఎందుకు ఎత్తుతుండు? మింగరాక ఎత్తుతుండు."

నేను అడగకుండా ఉండలేకపోయాను. "మరి పొలమారడమంటే?" అన్నాను. అందరూ నా వైపు చూశారు. స్వప్న నన్ను ఏమనుకుందో, మర్యాదగానే చెప్పింది. "గదే అమ్మా. తిన్నది దారి తప్పుడే పొలమారుడు." తర్వాత నేను ఆమెను పక్కకు పిలిచి, నా చెల్లెలి సంగతి చెప్పాను. ఏటా దగ్గు, పిల్లికూతలు, గోదావరి, జ్వరం. చలి నీళ్లలో ముంచడం వల్లే నిమ్ము వచ్చిందా అని అడిగాను. "నేను చూడలేదు గదమ్మా, కచ్చితంగ చెప్పలేను. కానీ ఒక్క మునుగుడుకు గంత నిమ్ము రాదు. ముందుగాలనే లోపల ఉండి ఉంటది" అన్నది. నేను మళ్లీ హాసిని కుర్చీ చూశాను. రెండు కంది బస్తాలు, వెనక గడ్డిమోపు. మా నాన్నకు తెలియకుండానే ఆ కుర్చీ తయారు చేశాడు. మేమందరం గాలిని మెచ్చుకున్నాం.

లక్ష్మి కొడుకును స్వప్న తువ్వాలు చుట్టల మధ్య కూర్చోబెట్టి, జావ చిక్కగా చేసి చెంచాతో పెట్టి చూపించింది. వాడు దగ్గకుండా తిన్నాడు. "వచ్చే వారం మళ్ల రావాలె అక్కా, ఇంక చానా నేర్పేదుంది" అన్నది. లక్ష్మి కొడుకు మూతి తుడుస్తూ, "కూలి లేకుంటే వస్త" అన్నది. వస్తుందో రాదో నాకు తెలియదు. ఆటోలో తిరిగి వస్తుంటే హాసిని నా ఒళ్లో, సంచి సునీత ఒళ్లో. సునీత కూర్చున్న చోటే నిద్రపోయింది, తల ఇనుప కడ్డీకి కొట్టుకుంటున్నా లేవలేదు. మా శారదకు ఇంట్లో ఎన్ని ఒళ్లుండేవో, ఒకరు దింపితే ఒకరు ఎత్తుకునేవాళ్లం. ఈ పిల్ల తల్లికి అద్దె ఇంట్లో చేయి మార్చుకోవడానికి మనిషి లేడు. అప్పుడు అంతమందిలో ఒక్కరికీ తెలియదు, ఇప్పుడు తెలిసిన ఒక్క అమ్మాయి వారానికోసారి వస్తుంది, అదీ కాంట్రాక్టు ఉంటే. అప్పటికంటే ఇప్పుడు నయమే, కాదనను. శారద ఈ రోజుల్లో పుడితే బతికేది. ఆ మాట అనుకోగానే ఆటోలోనే ఏడుపు వచ్చింది. హాసిని నా మొహం చూసి నవ్వింది.

ఖమ్మం వచ్చేదాకా ఒకటే ఆలోచన. అమ్మకు చెప్పాలా వద్దా. చెప్తే ఆమె మోస్తున్న బరువు దిగుతుంది. ఇన్నేళ్లుగా తనను తాను అనుకుంటున్న ఆ మాట తప్పని తేలుతుంది. గోదావరి తప్పు లేదు, మొక్కు తప్పు లేదు, నాయనమ్మ అన్నది ఉత్త మాట. నాయనమ్మ చేతిలోదే ఆ ధార అని తెలిస్తే తెలియనీ, ఆమె పోయి ఎన్నేళ్లయింది. నేను అమ్మకు గోదావరిని తిరిగి ఇవ్వబోతున్నాననుకున్నాను. నిజం చెప్పాలంటే లోపల కొంచెం సంబరంగా కూడా ఉంది. మర్నాడు సాయంత్రం అమ్మ వరండాలో చిక్కుడుకాయలకు ఈనె తీస్తుంటే పక్కన కూర్చుని చెప్పేశాను. లక్ష్మి సంగతి, స్వప్న చెప్పింది, అంతా. "నువ్వు ముంచడం వల్ల కాదమ్మా. అంతకుముందునుంచే లోపల ఉంది. నీ మొక్కు ఏం చేయలేదు" అన్నాను.

అమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉంది. "పండబెట్టి పోస్తే గట్లయితదంటనా?" అన్నది.

"అవునమ్మా. నాయనమ్మకు మాత్రం ఏం తెలుసు?"

నేను ఆమె మొహంలో తేలికదనం కోసం వెతుకుతున్నాను. వీధిలో కూరగాయల బండి వచ్చి వెళ్లిపోయింది. "బండిల దగ్గకపోయేది" అన్నది చివరికి.

"అవును. నాన్న బస్తాల మధ్య కూర్చోబెట్టేవాడు కదా."

"గాలి అనుకున్నం." మళ్లీ కొంచెంసేపటికి, "అది మొండిది గాదే కమలా" అన్నది. "కూసోబెట్టమని లేస్తుండె. నోరు లేకపాయె, మెడెత్తి చెప్పింది. మీ నాయనమ్మ కండ్లు గిన్నె ధార మీద ఉండె, ఆమెకు దాని మొకం సరిగ అవుపడేది కాదు. నాకు అవుపడేది. చేతులు నేనే గద పట్టింది."

అందరూ అనే మాటే అన్నాను. "నీకు తెలియదు కదమ్మా. ఎవరికీ తెలియదు."

"దానికి తెలిసె గదనే" అన్నది అమ్మ.

ఆ తర్వాత ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. చిక్కుడుకాయలు అన్నీ ఈనె తీసి, చేట లోపల పెట్టి, పోయి పడుకుంది. నేను చేసిన పనికి నన్ను నేను తిట్టుకుంటూ వంట చేశాను. ముక్కోటికి వీధి సగం ఖాళీ అయింది. ప్రసాదం తెచ్చిచ్చినవాళ్ల ముందే ఈసారి అమ్మ చిటికెడు నోట్లో వేసుకుంది. ఇన్నేళ్లలో అది మొదటిసారి. "పోదామా అమ్మా ఆ ఊరికి?" అని నెమ్మదిగా అడిగాను. "గోదావరితోని నాకేం పంచాయితి లేదిగ" అన్నది. పోదామని మాత్రం అనలేదు. టీవీ చూసేటప్పుడు, దేవుడి ముందు కూర్చున్నప్పుడు, రెండు చేతులూ కొంగులో చుట్టుకుని ఉండడం ఆమెకు కొత్తగా అలవాటైంది. చలికా అని అడిగితే అవ్ అంటుంది.

ఒకరోజు భోజనాల వేళకు, కంచం ముందు కూర్చున్నాక, "సునీతకు ఫోన్ కలుపు" అన్నది. తినేసి మాట్లాడొచ్చు కదా అన్నా వినలేదు. కలిపి స్పీకర్ పెట్టాను. హాసిని తింటోందా అని అడిగింది. తింటోంది అవ్వా, ఇప్పుడే కుర్చీలో పెట్టాను, కానీ ఇవాళ ఎందుకో చెంచా తోసేస్తోంది అన్నది సునీత. అవతల గిన్నె చప్పుడు, పాప గొంతు వినిపిస్తున్నాయి.

"తోస్తే తొయ్యనియ్యి బిడ్డా" అన్నది అమ్మ. "ఆగి అడుగు ఏంది అని. చేతులు మాత్రం పట్టకు. నీ అత్తొచ్చినా, అమ్మొచ్చినా పట్టనియ్యకు. దాని చేతులు దానికి ఉండనియ్యి."

సరే అవ్వా అన్నది సునీత. అమ్మ ఫోన్ నా వైపు జరిపి, అన్నంలో చేయి పెట్టింది.